ఒక్క కారణమే చెప్పమనే న్యాయం

వికలాంగ దళితులు న్యాయం కోసం బయల్దేరితే మొదట ఎదురయ్యే ప్రశ్న: ‘మీ మీద వివక్ష కులం వల్లనా, వైకల్యం వల్లనా?’ విద్యార్థులకు ఫిర్యాదులు రాసిపెట్టే పనిలో ఈ మాట నేను పదేపదే విన్నాను. ఇది అమాయకమైన ప్రశ్న కాదంటాను. ఒకే మనిషి పడ్డ అవమానాన్ని రెండు ముక్కలు చేసి, ఏ ముక్కకూ సాక్ష్యం చాలదని తేల్చే పద్ధతి ఇది.

2011లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతో చూపులేని దళిత యువతిపై అత్యాచారం జరిగింది. గొంతును బట్టి ఆమె నిందితుణ్ణి గుర్తుపట్టడాన్ని సుప్రీంకోర్టు అంగీకరించింది, యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. కానీ పఠాన్ జమాల్ వలీ కేసుగా పేరుపడ్డ ఆ 2021 ఏప్రిల్ 27 నాటి తీర్పే అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. కులం, లింగం, వైకల్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయని వివరంగా చెప్పిన కోర్టే, ఆమె ఎస్సీ అయినందువల్లే నేరం జరిగిందనడానికి విడిగా సాక్ష్యం లేదంది. పెనవేసుకున్నదాన్ని విడదీసి చూపమంటే బాధితురాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? బాధితుల కులం తెలిసి నేరం చేస్తే చాలని ఆ సెక్షన్‌ను మార్చిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగిన ఈ నేరానికి అది అక్కరకు రాలేదు.

సెక్షన్ మారింది, పద్ధతి మారలేదు. నలుగురిలో కావాలని అవమానిస్తే అట్రాసిటీ చట్టం 3(1)(ఆర్) కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల జైలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92(ఎ) కిందా అంతే. శిక్ష ఒకటే, ప్రత్యేక కోర్టుల ఏర్పాటు వేర్వేరు. యూనివర్సిటీలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఒకచోట, వికలాంగుల ఫిర్యాదుల అధికారి మరోచోట. బయట ఎస్సీ కమిషన్ ఒకటి, వికలాంగుల కమిషనర్ ఇంకొకరు. ఆ కమిషనర్ ఇచ్చేది సిఫారసే. మూడు నెలల్లో కారణం రాసి పంపి సంస్థ దాన్ని పక్కన పెట్టొచ్చు.

‘ప్రొసీజర్ అందరికీ ఒకటే కదా’ అంటారు. మెట్లూ అందరికీ ఒకటే. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను అడిగి చూడండి.

రెండు చట్టాలూ వర్తించే ఫిర్యాదును ఒకేచోట, ఒకే విచారణలో వినాలి. వికలాంగులు చదవగలిగే రూపంలో కోర్టు కాగితాలు ఉండాలని 12వ సెక్షన్ ఇచ్చిన హామీ ప్రతి జిల్లా కోర్టులో అమలు కావాలి.

న్యాయశాస్త్రం చదువుతున్న మిత్రులారా, ఫిర్యాదులో ఒక్క కారణమే రాయమంటే ఒప్పుకోకండి. రెండూ ఒకే పేరాలో రాయండి. ఒకటి తీసెయ్యమనే అధికారిని ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. రేపు హైకోర్టులో అదే మన మొదటి సాక్ష్యం.