అది గుట్ట కాదు, గుంత

మినీ ప్రాజెక్టు కోసం శాటిలైట్ ఫోటోల్లో ఎత్తుపల్లాలు గుర్తించి లేబుల్ చేయాలి. మాది తాండూరే కదా అని మా ఏరియా ఫోటోలే తీసుకున్నా. ఒకచోట నేల ఉబ్బినట్టు కనిపిస్తే "గుట్ట" అని పెట్టేశాను. సెలవుల్లో లాప్‌టాప్ చూపిస్తే తాత నవ్వాడు.

"గాడ గుట్ట యాడిదిరా? అది గుంత. అండ్లకెళ్లే నేను బండలు తీసింది."

నాపరాతి గని! అంత పొరపాటు ఎలా చేశాను?

తప్పు ఎండది, నా కంటిది. వెలుతురు పైనుంచే పడుతుందని మన కళ్లు అనుకుంటాయి. చలికాలం పొద్దున ఎండ ఆగ్నేయం నుంచి వస్తుంది. ఉత్తరం పైన ఉన్న ఫోటోలో అది కింద కుడివైపు. దాంతో గుంత గుట్టలా, గుట్ట గుంతలా కనిపిస్తాయి. వికారాబాద్ అనంతగిరి కొండల ఫోటో తెరిచి చూడండి, లోయలు గట్లలా అనిపించవచ్చు. ఫోన్ తలకిందులు చేస్తే సరిపోతుంది.

అందుకే ఎత్తు కొలవాలంటే ఒక్క ఫోటో చాలదు. ముక్కు ముందు వేలు పెట్టి ఒక్కో కన్ను మూసి చూస్తే వేలు జరిగినట్టు ఉంటుంది కదా, అదే సూత్రం. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1లో ముందుకి 26 డిగ్రీలు, వెనక్కి 5 డిగ్రీలు వంచిన రెండు కెమెరాలున్నాయి. 2008లో చంద్రయాన్-1 మూడు దిక్కులనుంచి చంద్రుణ్ణి ఫోటోలు తీసింది. అక్కడ అడగడానికి ఏ తాతా లేడు మరి.

మనకి ఉన్నారు. అయినా అడగం. హాస్టల్ గదిలో కూర్చుని లేబుల్స్ నింపేస్తాం, ఆక్యురసీ బాగా వస్తే సంబరపడతాం. మోడల్ నేర్చుకున్నది మన తప్పునే అయినా ఆక్యురసీ బాగానే వస్తుంది! కార్టోశాట్ ఎత్తుల డేటా భువన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కానీ అందులో ఒక్కో గడి 30 మీటర్లు. చిన్న గుంత అందులో కలిసిపోతుంది, తర్వాత తవ్వింది అసలే ఉండదు.

వానాకాలం ఆ గనిలో నీళ్లు నిలుస్తాయి, పిల్లలు ఈతకి దిగుతారు. ఏ మ్యాప్ అయినా దాన్ని గుట్ట అంటే అది చిన్న తప్పు కాదు. అందుకే నా మాట ఒకటే: ప్రాజెక్టులో నేల గురించి రాసేముందు ఆ నేల మీద నడిచినవాళ్లని ఒక్కరినైనా అడగండి.

నేను ఆ ఒక్క లేబుల్ మార్చాను. మిగతావి తాతతో కూర్చుని చూడాలి.