తేనెటీగల బడి

అరకులోయలోని గిరిజనులు చెట్టుతొఱ్ఱలనుండియు కొండచరియలనుండియు దెచ్చు తేనెను, 1956లో వెలసిన గిరిజన సహకార సంస్థ కొని మనకందించుచున్నది. ఆ తేనెను గూర్చిన యీగల చదువెట్టిదో మనమెఱుగవలదా?

పూలున్న తావు కనుగొన్న యీగ పట్టుపై నాట్యమాడును. నిలువునకు ఎంత వాలుగా నడచునో, సూర్యుడున్న దిక్కునకు అంత వాలుగా పూలున్నవని అర్థము. ఒడలూపుచు ఎంతసేపు సాగునో అంత దూరము. ఈ భాష విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితునకు 1973లో నోబెల్ బహుమానము లభించెను. నువ్వుగింజకంటెను చిన్నదైన మెదడులో, 10 లక్షలకు లోబడిన నాడీకణములతో, ఇంత లెక్క!

ఈ విద్య పుట్టుకతోనే వచ్చునని చాలకాలము తలంచిరి. కాని పాశ్చాత్యజాతి తేనెటీగలను పరీక్షించిన చీనా, అమెరికా శాస్త్రజ్ఞులు 2023లో వేఱుమాట ప్రకటించిరి. పెద్దల నాట్యమును వెంబడింపక పెరిగిన పిన్నయీగలు తప్పుగా ఆడినవి. దిక్కు చెప్పుట అభ్యాసమున కుదుటపడినది. దూరము చెప్పుటలోని తప్పు మాత్రము జీవితాంతము పోలేదు.

పట్టంతయు పిండినచో పిల్లలును నశించును, ఆ బడియు మూతపడును. తేనె నిండిన భాగమునే కోసి, పిల్లలున్న గదులను విడుచుట ధర్మము. కావున కొనునప్పుడు, పట్టునెట్లు కోసిరని అడిగి కొనుడు. పెద్దల నడవడియే పిల్లలకు తొలిపాఠమని మేము తలంతుము. ఆ మాటకు ఈగయు సాక్షియే.