గుంత తీసి చూసే పనికి బిల్లేదీ?

తవ్వేముందు నేల కింద ఏముందో చూసుకోవాలన్న సంగతి జేసీబీ నడిపే కుర్రాడికీ తెలుసు, టెండరు పిలిచిన ఇంజినీరుకీ తెలుసు. ఆ చూసే పనికి డబ్బులెవరిస్తారు అన్న దగ్గరే అందరూ మొహాలు తిప్పుకుంటారు. గోదావరి జిల్లాల్లో మున్సిపల్ ఏఈగా పనిచేసి రిటైరయ్యాను. నాకు తోచింది ఒక్కటే: ప్రమాదాన్ని అంచనా వేయడమూ పనే. దానికీ ఎస్టిమేట్లో ఒక ఐటెం ఉండాలి.

ఇప్పుడు మట్టి పనికి క్యూబిక్ మీటరుకింత అని రేటు. కాంట్రాక్టరు దాన్ని మీటర్ల లెక్కన సబ్ కాంట్రాక్టరుకి అప్పజెబుతాడు. ఆయన జేసీబీని గంట బాడుగకి తెస్తాడు. "బాబూ, కాస్త ఆగు, మనుషుల్ని పెట్టి ముందు గుంత తీయించి చూద్దాం" అంటే, "బాడుగ తిరిగిపోతోంది సార్, మేస్త్రిగారు ఊరుకోరు" అంటాడు డ్రైవరు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తీరా ఏదైనా తెగితే మాత్రం మొదట పట్టుకునేది అతని చొక్కానే.

డ్రాయింగు ఉంది కదా అంటారు. ఉంటుంది. రోడ్డు అంచు నుంచి మీటరు దూరంలో లైను వెళ్తోందని అందులో రాసి ఉంటుంది. ఆ అంచు ఏ సంవత్సరపు అంచు? ఆ తర్వాత రోడ్డు వెడల్పయింది, డ్రెయిను జరిగింది, రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెరిగింది. కొలత అలాగే ఉంది, కొలిచిన చోటు పోయింది. పైగా ఇప్పుడు వీధి గ్యాసు లైన్లు ప్లాస్టిక్ గొట్టాలు. పక్కన ట్రేసర్ వైరు లేకపోతే, నేల కింది లైన్లని వెతికే లొకేటరుకి దొరకవు. రోడ్డు కోయకుండా బోరింగ్ మెషీన్‌తో అడ్డంగా దూర్చిన గొట్టం పైన హెచ్చరిక టేపు కూడా ఉండదు. అందుకే డ్రాయింగు చూశాక, లొకేటరు తిప్పాక కూడా, అక్కడక్కడా చేత్తో జాగ్రత్తగా గుంత తీసి గొట్టాన్ని కళ్లారా చూడాల్సిందే.

అన్ని చోట్లా ఇదే స్థాయి జాగ్రత్త అక్కర్లేదు. ఫైబర్ తెగితే నెట్ పోతుంది. మంచినీళ్ల లైను పగిలితే వీధి మడుగవుతుంది. పదకొండు కేవీ కేబుల్‌కి తగిలితే అక్కడున్న మనిషి పోతాడు. పెద్ద గ్యాసు లైను సంగతి కోనసీమ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ కారణం తవ్వకం కాదు, పైపు తుప్పు పట్టడం. కానీ అలాంటి గొట్టం పక్కన బకెట్ దించే ముందు లోపల ఏముంది, ఎంత ప్రెషర్ మీద పోతోంది, వాల్వు ఎక్కడుంది, దాన్ని కట్టే మనిషి ఫోన్ ఎత్తుతాడా, చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయి అని ఆరా తీయాలి. అంచనా అంటే ఇదే.

గొట్టం మీద గీత పడింది, కారడం లేదుగా అని మట్టి కప్పేసే అలవాటు మరీ భయంకరం. బెల్జియంలోని గిస్లెంగియాన్‌లో నిర్మాణ పనుల్లో యంత్రం గ్యాసు పైపుని గీకింది. అప్పటికేమీ కాలేదు. తర్వాత ప్రెషర్ పెంచినప్పుడు ఆ దెబ్బతిన్న చోటే తెగింది. 2004 జూలై 30న 24 మంది పోయారు. మన దగ్గర గీత పడిందని చెప్పిన డ్రైవరుకి దొరికేది కూలి కోత. అలాంటప్పుడు ఎవడు చెబుతాడు? దాచినవాడికి జరిమానా వేయండి, చెప్పినవాడి జోలికి పోకండి.

2023 మార్చి 22న కేంద్రం 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వబోతున్నామో అందులో నమోదు చేస్తే కింద లైన్లున్న సంస్థలకి కబురు వెళ్తుంది. ఏటా పది లక్షల దాకా ఫైబర్ కోతలు, మూడు వేల కోట్ల రూపాయల నష్టం అని అప్పట్లో ప్రభుత్వమే లెక్క చెప్పింది. మంచి యాప్. కాకపోతే కబురందిన సంస్థ మనిషి సైటుకొచ్చి, నేల మీద సున్నంతో గీత గీసి, దగ్గర నిలబడితేనే దానికి విలువ. ఫోన్‌లో వచ్చిన జవాబుని ఫైల్లో పెట్టి బకెట్ దించడం నేను ఒప్పుకోను.

ఎస్టిమేట్లు రాసే తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఒక మనవి. మట్టి పని ఐటెం రాసే ముందు పరీక్ష గుంతల ఐటెం రాయండి, మీటరు లెక్కన కాకుండా గుంతకింత అని. లైను బయటపడేదాకా యంత్రం ఖాళీగా ఉన్న గంటలకీ బాడుగ కట్టండి. గుంతలో కనిపించిన లోతు ఎం-బుక్‌లో ఎక్కించాకే తవ్వకం బిల్లు పాస్ చేయండి. ఖర్చు పెరిగిందని ఆడిట్‌లో అడిగితే, ఆ నగరం ఊరి పేరు చెప్పండి.