విజయాల ఊరు

పిల్లలూ, విజయనగరం అనగానే మీలో చాలామందికి కృష్ణదేవరాయలు జ్ఞాపకం వస్తాడు. ఆయన విజయనగరం తుంగభద్ర ఒడ్డున, హంపీలో ఉండేది. 1565లో జరిగిన యుద్ధం తరువాత అది పాడుపడిపోయింది. ఈ నెల మనం చూడబోయేది ఉత్తరాంధ్రలోని విజయనగరం.

పూసపాటి వంశపు రాజు విజయరామరాజు 1713లో ఇక్కడ కోట కట్టించాడు. రాజు పేరులో విజయం, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారం, అనగా మంగళవారం. ఊరి పేరు కూడా కలుపుకుని అయిదు విజయాలని అక్కడివారు చెప్పుకుంటారు. వారం సంగతి పెద్దలు చెప్పిన మాట. సంవత్సరాన్ని మాత్రం మీరే లెక్కవేసి చూడవచ్చు. తెలుగు సంవత్సరాలు అరవై గదా! 2013 ఉగాదికి విజయ వచ్చింది. అందులోంచి అరవై చొప్పున అయిదుసార్లు తీసివేయండి. సరిగ్గా 1713 వస్తుంది!

ఇన్ని విజయాలు పేరులో పెట్టుకున్నా, యుద్ధాలు ఈ ఊరికి కలిసిరాలేదు. 1757లో విజయరామరాజు ఫ్రెంచివారి సాయంతో బొబ్బిలి కోటను పడగొట్టాడు. కాని ఆ తరువాత తాండ్ర పాపారాయుడు అతని గుడారంలో జొరబడి, అతన్ని పొడిచి చంపాడు. రాజు చెల్లెలే పైడితల్లి అమ్మవారై వెలసిందని ప్రజల నమ్మకం. ఏటా విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను ఉత్సవం జరుగుతుంది. పొడుగాటి మాను కొసన పూజారి కూర్చుంటాడు. ఆ మానును గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిప్పుతారు. చూసేవారికే గుండె జల్లుమంటుంది! 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి చిన్న విజయరామరాజు కూడా ప్రాణాలు విడిచాడు.

కోట ఈనాటికీ చెక్కుచెదరలేదు. చతురస్రంగా నాలుగు గోడలూ, మూలకొక బురుజూ ఉంటాయి. సైనికులు తిరిగినచోట ఇప్పుడు విద్యార్థులు తిరుగుతున్నారు. లోపల కాలేజీలు ఉన్నాయి. బజారులో ఎనిమిది పలకల గంటస్తంభాన్ని 1885లో కట్టారు. ఇంటింటా గడియారాలు లేని ఆ రోజుల్లో అది ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో ఆలోచించండి.

నన్నడిగితే, ముందు చూడవలసింది మాత్రం సంగీత కళాశాల. రాజుగారి కొలువులో ఉన్న ఒకాయన కొడుకు గంగబాబుకు చూపు లేదు. సంగీతమంటే ప్రాణం. అతని కోసమని మొదలుపెట్టి, 1919లో రాజావారు అందరికీ పనికివచ్చే పాఠశాలనే స్థాపించారని చెబుతారు. హరికథలలో మేటి అయిన ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ఆ యేడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ చదువుకుందామని వచ్చారు. ఆయన ఫిడేలు విని, విద్యార్థిగా కాదు, ఉపాధ్యాయుడిగానే చేర్చుకున్నారట!

కొంతకాలానికి కృష్ణా జిల్లా నుంచి ఒక పేద కుర్రవాడు వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు అతన్ని ఆదరించి సంగీతం చెప్పారు. భోజనానికి మాత్రం జోలె భుజాన వేసుకుని, ఇంటింటా మధుకరం ఎత్తుకునేవాడు. ఆ జోలెలో అన్నం పెట్టిన తల్లులకు, ముందు ముందు తమ ఇళ్ళ రేడియోల్లో పాడబోయే ఘంటసాల వెంకటేశ్వరరావు ఇతడేనని ఎలా తెలుస్తుంది?