బంగాళాఖాతపు మిశ్రమణ గుణకం: వ్యవసాయ పరిశోధనకు పరాయి విషయమా?

పంట గుణకాన్ని ఏ వ్యవసాయ శాస్త్రవేత్తా కళ్లు మూసుకొని స్వీకరించడు. ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన 56వ నీటిపారుదల పత్రంలోని విలువలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నప్పటికీ, వాటిని స్థానిక నేలకు, గాలికి, పంట రకానికి అనుగుణంగా లైసీమీటరుతో సరిచూసుకోవడమే మంచి పరిశోధన పద్ధతి. అయితే విత్తే అదను గురించి అదే శాస్త్రవేత్త రైతుకిచ్చే సలహా రుతుపవన అంచనాపై ఆధారపడి ఉంటుంది. ఆ అంచనాలో ఇమిడివున్న మరొక గుణకం గురించి మాత్రం వ్యవసాయ రంగం అంతగా ప్రశ్నించదు. అదే సముద్రజలాల లంబ మిశ్రమణ గుణకం.

సముద్రంలో పై నీరు, అడుగు నీరు కలిసే చర్య సెంటీమీటర్ల పరిమాణంలోని చిన్న చిన్న సుడులలో జరుగుతుంది. మాన్సూన్ మిషన్ క్రింద భారతదేశం 2012 నుంచి అభివృద్ధి చేసుకుంటూ వచ్చిన రుతుకాల అంచనా నమూనాలో సముద్రపు గడి వెడల్పు పాతిక నుంచి యాభై కిలోమీటర్లు. పై పొర మందం 10 మీటర్లు. అంత పెద్ద గడిలో అంత చిన్న సుడి కనిపించదు గనుక దాని పనిని ఒక గుణకానికి అప్పగిస్తారు. ఈ గుణకానిది చిత్రమైన చరిత్ర. ధ్రువప్రాంతాలలో మునిగిన చల్లని నీరు తిరిగి పైకి రావాలంటే పైనుంచి వేడి కిందికి కలవాలి. ఆ లెక్కతో వాల్టర్ మంక్ 1966లో పసిఫిక్ లోతులకు సెకనుకు 1 చదరపు సెంటీమీటరు అనే విలువను సూచించాడు. 1992లో అట్లాంటిక్ సముద్రంలో సుమారు 300 మీటర్ల లోతున ఒక జాడ రసాయనాన్ని విడిచి, దాని వ్యాప్తిని నెలల తరబడి కొలిచినప్పుడు తేలినది అందులో దాదాపు పదో వంతు మాత్రమే. ఆ తరువాత బ్రెజిల్ తీరానికి ఆవల, ఎగుడుదిగుడు సముద్రగర్భంపై కొలిచినప్పుడు విలువ ఎన్నో రెట్లు పెరిగింది. లోకమంతటికీ సరిపడే ఒకే సంఖ్య లేదని దీనివల్ల స్పష్టమైంది. నేలకొక పంట గుణకం ఉన్నట్లే నీటికీ ఉన్నదన్నమాట.

బంగాళాఖాతం విషయంలో ఈ భేదం మరీ ముఖ్యమైనది. ఇక్కడ ఆవిరయ్యే నీటికంటే వర్షం ద్వారా, గంగా–బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణల ద్వారా చేరే నీరు ఎక్కువ. ఈ మంచినీరు ఉప్పునీటిపై పల్చని మూతలా పరచుకుంటుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు తూర్పు తీరం పొడవునా మత్స్యకారులచేత అయిదు రోజులకొకసారి నీటి నమూనాలు సేకరింపజేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. వర్షాకాలం ముగిశాక సుమారు నూరు కిలోమీటర్ల వెడల్పున ఒక మంచినీటి పాయ తీరాన్ని ఆనుకొని, ఉత్తరం నుంచి దక్షిణానికి రెండున్నర నెలలపాటు సాగిపోతుందని వాటివల్ల తెలిసింది. బకెట్లతో తెచ్చిన నీటితో సాధించిన ఈ ఫలితం ఏ ఖరీదైన పరికరానికీ తీసిపోదు.

ఈ మూత ఉన్నంతకాలం గాలి ఎంత వీచినా లోతునున్న చల్లని నీరు సులభంగా పైకి రాదు. అందుచేతనే రుతుపవన కాలంలో అరేబియా సముద్రం చల్లబడుతుండగా బంగాళాఖాతపు ఉపరితలం చాలావరకు 28 డిగ్రీల సెల్సియస్‌కు పైననే నిలుస్తుంది. అల్పపీడనాలు ఒకదాని వెంట ఒకటి అక్కడ పుడతాయి. మరొక సంగతి కూడా గమనించదగినది. ఏటా ఇంత మంచినీరు చేరుతున్నా ఖాతం నానాటికీ చప్పబడిపోవడం లేదు. అరేబియా సముద్రపు ఉప్పునీరు శ్రీలంక దక్షిణంగా ప్రవహించి, మంచినీటి క్రిందికి చేరి, మిశ్రమణం ద్వారా మెల్లగా పైకి కలుస్తున్నది. అందువల్ల గుణకం తప్పితే ఉష్ణోగ్రతతో పాటు ప్రవాహాల లెక్క కూడా తప్పుతుంది.

పైన పేర్కొన్న అంచనా నమూనా హిందూ మహాసముద్రపు ఉపరితలాన్ని వాస్తవం కంటే చల్లగా, భారత భూభాగంపై వర్షాన్ని వాస్తవం కంటే తక్కువగా చూపుతుందని పలు అధ్యయనాలు నమోదు చేశాయి. తప్పంతా మిశ్రమణానిదే అనడం న్యాయం కాదు. మేఘాల చిత్రణలోనూ లోపాలున్నాయి. ప్రమాదం ఎక్కడంటే, ఒక లోపాన్ని మరొక లోపంతో సరిపెట్టి వర్షపు సగటును మాత్రం సరిచేసుకోవడంలో ఉన్నది. జింకు లోపించిన వరికి మరో దఫా యూరియా వేయడం వంటి పని అది. సగటు కుదిరినా, జూన్ చివరి వానకు విత్తిన మెట్టరైతును దెబ్బతీసే జూలై బెట్ట అందులో కనిపించకపోవచ్చు. ఖాతపు ఉపరితలం కొన్ని వారాల వ్యవధిలో ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి చల్లబడే తీరుకు, వానలు పుంజుకొని విరామమిచ్చే తీరుకు సంబంధం ఉన్నది. ఆ హెచ్చుతగ్గులను నిర్ణయించే అంశాలలో మిశ్రమణం ఒకటి.

ఈ గుణకంపై పనిచేసేవారిలో డాక్టరేట్ ముగించిన యువ పరిశోధకులూ ఉన్నారు. జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ గడువు 2 సంవత్సరాలు, అనగా రెండు రుతుపవనాలు. ఒక వరి వంగడాన్ని విడుదల చేయడానికి సాధారణంగా మూడేళ్ల బహుళ ప్రాంత పరీక్షలు కోరే వ్యవస్థ, కోట్ల ఎకరాల విత్తనాన్ని ప్రభావితం చేసే గుణకానికి రెండేళ్లు చాలునని భావించడం వింతగానే ఉన్నది. కొలతలు తీసినవారు నమూనాలో వాటి ఫలితం చూడకముందే మరో చోట ఉద్యోగం వెదుక్కోవలసి వస్తే, ఆ కొలతలను అంతే లోతుగా ఎరిగిన మరొకరు దొరకడం కష్టం.

కంప్యూటర్ల శక్తి పెరిగితే ఈ చిక్కు దానంతటదే తీరుతుందనే వాదన ఒకటి ఉన్నది. గడిని ఒక కిలోమీటరుకు తగ్గించినా సెంటీమీటరు సుడి దానికి అందదు. యంత్ర అభ్యసన పద్ధతులకైనా నేర్చుకోవడానికి కొలతలు కావాలి. 2013 నుంచి 2015 వరకు భారత, అమెరికా శాస్త్రవేత్తలు సాగర్ నిధి, రోజర్ రెవెల్ నౌకలపై ఖాతంలో సాగించిన పరిశీలనలు ఎంతో విలువైనవి. అయినా అన్ని రుతువులకూ అవి సరిపోవు.

వ్యవసాయ విశ్వవిద్యాలయాల వాతావరణ విభాగాలు, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంతో కలిసి కనీసం మూడు ఖరీఫ్‌లు సాగే ఉమ్మడి ఫెలోషిప్‌లను ఏర్పరచుకోవాలి. మొదటి ఏడాది సముద్రంపై కొలత, రెండో ఏడాది నమూనాలో సవరణ, మూడో ఏడాది ఆ సవరణ వల్ల అనంతపురం వేరుశనగకు, మహబూబ్‌నగర్ కందికి విత్తే తేదీ సలహా ఏమైనా మెరుగుపడిందా అన్న పరీక్ష. మెరుగుపడకపోతే ఆ ఫలితాన్నీ ప్రచురించాలి.