పసరుతో తెరుచుకోని దారి

బలిఘట్టంలోనైనా, నర్సీపట్నంలోనైనా కామెర్లనగానే ముందు గుర్తొచ్చేది పసరు మందు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకొస్తుంది. కాని పైత్యరస నాళం పేగులోకి తెరుచుకునే ద్వారం ఇరుకైతే ఏ పసరూ దాన్ని తెరవలేదని మేము గట్టిగా చెబుతున్నాము.

మూత్రం ముదురు రంగులో, మలం సుద్దలా తెల్లగా ఉండి, ఒళ్లంతా దురద పెడితే వెంటనే పరీక్ష చేయించుకోండి. చలిజ్వరం కూడా ఉంటే నాళంలో చీము పట్టిందేమో. అదే రోజు ఆసుపత్రికి రండి.

పొట్ట కోయకుండా, నోటి ద్వారా గొట్టం పంపి ఆ ద్వారాన్ని వెడల్పు చేసే పద్ధతి 1974లోనే వచ్చింది. ఇ.ఆర్.సి.పి. అనే ఈ చికిత్స విశాఖపట్నంలో దొరుకుతుంది. కొందరికి క్లోమం వాపు, రక్తస్రావం కలగవచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష, స్కానింగ్ తప్పనిసరి. పథ్యంతో వారాలు గడపకండని మా మనవి.