విమాన చిత్రగ్రహణము

కృష్ణాజిల్లా గన్నవరమున రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటి విమానాశ్రయము కలదు. దాని ప్రక్కనే జాతీయ రహదారి పోవుచున్నది. గుడివాడ, బందరు, దివిసీమలనుండి వచ్చు బాలురు దిగుచున్న విమానమును చూచి ఫోటో తీయ నుత్సహింతురు. ఇది పనిలేని పనియని కొందరు, దేశరక్షణకు ముప్పని మరికొందరు ఆక్షేపింతురు. ఈ రెండు మాటలను విచారింపవలసియున్నది.

విమానము సాధారణముగా గాలికి ఎదురుగా దిగును. కావున ఎచట నిలువవలెనో తెలియుటకు ముందు గాలివాలు తెలియవలెను. గన్నవరపు రన్‌వే అంకెలు 08, 26. వానిని పదిచే హెచ్చించిన 80, 260 డిగ్రీలగును. అనగా రన్‌వే ఇంచుమించు తూర్పుపడమరలుగా నున్నది. జెట్ విమానమును సెకనులో వేయవవంతు కాలమున తీయవచ్చును. పంకాలు గల ఏ.టి.ఆర్. విమానమును అట్లే తీసినచో పంకాలు నిలిచిపోయినట్లు కనబడును. నూటయిరువదియైదవవంతు కాలమున, విమానముతోపాటు కెమెరాను త్రిప్పుచు తీసినచో అవి తిరుగుచున్నట్లే తోచును. గణితము, భూగోళము, భౌతికశాస్త్రము ఇందు ఒకచోట కలిసినవి. ఇది పనిలేని పని యెట్లగును?

2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానము లేచుచుండగనే ఎడమ రెక్కక్రింద మంటలు చెలరేగి, కొలది నిమిషములలో కూలినది. విమానమందలి 109 మందియు, నేలపై నలుగురును మరణించిరి. చూపరులు తీసిన చిత్రములు దర్యాప్తునకు సాక్ష్యములైనవి.

అయినను రెండవ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. 2001లో గ్రీసు దేశపు వైమానిక స్థావరమున విమానసంఖ్యలు వ్రాసికొన్న 14 మంది అభిమానులు గూఢచారులను నేరముపై చెరసాల పాలైరి. 2002లో పై న్యాయస్థానము వారిని నిర్దోషులని విడుదల చేసెను. తప్పులేని వేడుకయే హద్దు తెలియనిచో కష్టము తెచ్చును. ఆశ్రయము లోపల అనుమతిలేక చిత్రములు తీయరాదు, కంచె దాటరాదు, డ్రోను నెగురవేయరాదు. తినుబండారములు పారవేసినచో గ్రద్దలు మూగును. అవి ఇంజనులో పడిన ప్రయాణికులకే ముప్పు.

కాని నిషేధించుటకంటె దారిచూపుట మేలు. మాంచెస్టరు, జూరిచ్ విమానాశ్రయములందు చూపరులకు ప్రత్యేక స్థలములు కలవు. గన్నవరమునను కంచె వెలుపల, రహదారికి దూరముగా, కాపలాగల అట్టి తావు ఏర్పరచిన, బాలుర కుతూహలము చదువగును, రక్షణకును లోటురాదు. నేడు కంచె వెలుపల నిలిచి రెక్కలు లెక్కించు బాలుడు రేపు ఆ రెక్కలు నిర్మించు ఇంజనీరు కావచ్చును.